గాలికి ఎదురెక్కలేకపోతున్నాను, ప్రతిసారీ గట్టు వెంట నడిచే రావాల్సి వస్తోంది (వింగ్ ఫాయిల్, కృష్ణా నది)

భవానీపురం_కుర్రాడు
ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను వింగ్ ఫాయిల్ (చేత్తో గాలి నింపిన తెరచాప, అంటే వింగ్, పట్టుకొని, అడుగున నీళ్ళలో ఫాయిల్ అనే రెక్క ఉన్న బోర్డు మీద తేలుతూ వెళ్ళే ఆట) మొదలుపెట్టి నాలుగు నెలలైంది. జనవరిలో రామేశ్వరం వెళ్ళి ఆరు రోజులు నేర్చుకున్నాను, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో సామాను కొనుక్కొని ఇక్కడ కృష్ణలో భవానీపురం వైపు గట్టు నుంచి దిగుతున్నాను. ఇప్పుడు లేవడం వచ్చింది. అంటే బోర్డు నీళ్ళ మీద నుంచి లేచి ఫాయిల్ మీద వంద, నూట యాభై మీటర్లు వెళ్తున్నాను. మొదటిసారి ఆ నీళ్ళ చప్పుడు ఆగిపోయి నిశ్శబ్దంగా తేలిన క్షణం నాకు ఇంకా గుర్తుంది, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

సమస్య ఏంటంటే గాలికి ఎదురు వెళ్ళడం అసలు రావట్లేదు. అటు ఒక పరుగు, ఇటు ఒక పరుగు తిరిగితే బయలుదేరిన చోటుకి రావాలి కదా, నేను మాత్రం ప్రతి పరుగుకీ ఇంకాస్త కిందకి జారిపోతున్నాను. ఈ రోజు సాయంత్రం గంటన్నర తిరిగాను, చివరికి గొల్లపూడి వైపు గట్టుకి తేలాను. అక్కడ నుంచి నెత్తి మీద బోర్డు, చేతిలో వింగ్ పెట్టుకొని నడిచి వచ్చాను. ఇలా వరుసగా ఆరోసారి. వెళ్ళిన సమయంలో సగం నడకకే పోతోంది.

నా బరువు 78 కిలోలు. బోర్డు 115 లీటర్లు, వింగ్ 5 (చదరపు) మీటర్లు, ఫాయిల్ ముందు రెక్క (ఫ్రంట్ వింగ్) 1700 చదరపు సెంటీమీటర్లు, దాన్ని బోర్డుకి కలిపే నిలువు కమ్మీ (మాస్ట్) 70 సెంటీమీటర్లు. ఎవరైనా దారి చూపండి. చేతుల్లో బలం చాలట్లేదా? సామాను తప్పా? నేను తప్పా?

సూర్యలంక_గాలి
ఆదివారం రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఒక మాట. లేవడం వచ్చి ఎదురెక్కడం రాని దశ అందరికీ ఉంటుంది. నాకు అది ఐదు నెలలు పట్టింది. మాది గుంటూరు, శని ఆదివారాలు బాపట్ల దాటి సూర్యలంక వెళ్తాను, అక్కడ ఇసుకలో సామాను మోసుకుంటూ నడిచిన దూరం నాకే తెలుసు. నువ్వు చేస్తున్నదాంట్లో ఘోరమైన తప్పేమీ ఉండకపోవచ్చు, చిన్న చిన్న నష్టాలు కలిసి అంత అవుతాయి.

వివరంగా రాయాలంటే కొన్ని కావాలి. గాలి ఎంత ఉంటోంది, ఎటు నుంచి? పరుగులో నీ చూపు ఎక్కడుంటోంది? ఒక పరుగులో ఎన్నిసార్లు పడుతున్నావు? తిరగడం ఎలా తిరుగుతున్నావు, ఫాయిల్ మీదే తిరుగుతున్నావా, దిగి తిరుగుతున్నావా?

భవానీపురం_కుర్రాడు
ఆదివారం రాత్రి 10:50

గాలి సాయంత్రం నాలుగున్నర తర్వాత వస్తోంది అన్నా, ఆగ్నేయం నుంచి, మనవాళ్ళు పైరగాలి అంటారే అదే. చేతి మీటర్‌లో గట్టు దగ్గర 11 నుంచి 13 నాట్లు (గాలి వేగం కొలత) చూపిస్తోంది, అప్పుడప్పుడు 16 కొడుతుంది. చూపు అంటే నిజం చెప్తున్నా, బోర్డు ముక్కు మీదే ఉంటుంది, పడిపోతానేమో అని. పరుగుకి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు పడతాను. తిరగడం ఇంకా రాదు, చివర్లో నీళ్ళలో పడి బోర్డు తిప్పుకొని మళ్ళీ లేస్తాను.

లంక_పడవ
ఆదివారం రాత్రి 11:15

ఒక్క విషయం అడుగుతాను, నువ్వు 'కింద' అంటున్నది గాలికి కిందా, నదికి కిందా? ఇది చిన్న తేడా కాదు. పైరగాలి ఆగ్నేయం నుంచి వస్తే అది ప్రకాశం బ్యారేజీ వైపు నుంచి ఇబ్రహీంపట్నం వైపు వీస్తుంది. అప్పుడు గాలికి దిగువ అంటే నదికి ఎగువ. నువ్వు గొల్లపూడి వైపు తేలావంటే అదే జరిగింది, అది ఒక రకంగా నీ అదృష్టం. దీని గురించి తర్వాత విడిగా రాస్తాను, ముందు నేర్చుకునే సంగతి పెద్దవాళ్ళు చెప్పనీ.

రుషికొండ_అక్క
సోమవారం ఉదయం 6:30

11 నుంచి 13 నాట్లకి 78 కిలోల మనిషికి 5 మీటర్ల వింగ్ చిన్నది. నాకు ఇదే అసలు కారణం అనిపిస్తోంది. నేను 60 కిలోలు, ఆ గాలికి నేనే 5 పట్టుకుంటాను. తక్కువ గాలిలో చిన్న వింగ్‌తో లేవాలంటే బోర్డు ముక్కుని గాలివాటుకి తిప్పి వేగం తెచ్చుకోవాలి, అలా లేచేసరికే ముప్పై మీటర్లు జారిపోతావు. లేచాక కూడా వింగ్‌లో సత్తువ చాలక నిలబడటానికి మళ్ళీ కిందకే తిప్పుతావు. 6 మీటర్లు తీసుకో, సగం సమస్య పోతుంది.

ఇంకొకటి, వింగ్‌లో గాలి పూర్తిగా నింపుతున్నావా? ముందు ట్యూబు మెత్తగా ఉంటే వంగిపోతుంది, వంగిన వింగ్ ఎదురెక్కదు. దాని మీద ఎంత రాసుందో అంత కొట్టాలి, చాలా వింగ్‌లకి 6 నుంచి 8 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) ఉంటుంది. చేతులు నొప్పి పుట్టి ముందే ఆపేస్తాం అందరం. అలాగని నింపిన వింగ్‌ని మీ బెజవాడ ఎండలో గట్టు మీద పడేసి టీకి వెళ్ళకు, లోపల గాలి వేడెక్కి కుట్లు వదిలేస్తాయి.

సూర్యలంక_గాలి
సోమవారం ఉదయం 7:45

అక్కా, పెద్ద వింగ్ ఉంటే సులువు అన్న మాట నిజమే, కాదనను. కానీ సామాను మార్చగానే రాదు, నేను 6 కొన్నాక కూడా రెండు నెలలు నడిచాను. తమ్ముడి జవాబులో నాకు కనిపించింది రెండు మాటలు. చూపు ముక్కు మీద. పరుగుకి రెండుసార్లు పడటం.

చూపు సంగతి. నువ్వు ఎటు చూస్తే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలు ఎటు తిరిగితే నడుము అటు, నడుముని బట్టి పాదాల మీద బరువు, పాదాల బరువుని బట్టి ఫాయిల్. సైకిల్ నేర్చుకున్నప్పుడు గుంటని చూస్తే గుంటలోకే వెళ్ళేవాళ్ళం గుర్తుందా, ఇదీ అంతే. లేచి నిలదొక్కుకున్నాక, అంటే రెండు మూడు సెకన్లు తేలాక, ముందు భుజం మీదుగా గాలి వచ్చే వైపు ఒక గుర్తుని చూడు. నువ్వున్న చోట ఇది చాలా తేలిక, ఆగ్నేయం గాలిలో ఎదురుగా బ్యారేజీ స్తంభాలు కనిపిస్తాయి, ఎడమ గట్టున ఇంద్రకీలాద్రి. నది మధ్య భవానీ దీవి వైపు వెళ్ళేటప్పుడు చూపు స్తంభాల మీద పెట్టు. ముక్కు వైపు చూడకు. పడితే పడతావు, నీళ్ళే కదా.

తర్వాత చేతులు. బలం గురించి అడిగావు, బలంతో పని లేదు. మొదట్లో అందరం చేసేది వెనక చేతిని గట్టిగా లాక్కోవడం. అలా లాగితే వింగ్ నిన్ను ముందుకి కాకుండా పక్కకి, గాలివాటుకి తోస్తుంది. చేతులు నొప్పి, వేగం లేదు, జారిపోవడం మాత్రం ఉంటుంది. వెనక చేతిని కొంచెం కొంచెం వదులుతూ వెళ్ళు, వింగ్ వెనక అంచు రెపరెపలాడటం మొదలయ్యే దాకా. మళ్ళీ అది ఆగేంత మాత్రమే లాగు. అక్కడే ఆపు. ముందు చేయి చాచి, పైకి, కొంచెం గాలి వచ్చే వైపుకి. మోచేయి మడిచి వింగ్‌ని ఛాతీకి దగ్గరగా పెట్టుకుంటే అది నీ చూపుకే అడ్డం, గాలికీ అడ్డం.

పాదాలు చివర. మడమల మీద కొద్దిగా బరువు వేస్తే బోర్డు గాలి వచ్చే వైపు అంచు కాస్త దిగుతుంది, బోర్డుతో పాటు ఫాయిల్ కూడా అటు వాలి నిన్ను పైకి ఎత్తుతూనే గాలికి ఎదురు వైపు లాగుతుంది. కొద్దిగా అంటే నిజంగా కొద్దిగా. ఎక్కువ వాల్చావో వేగం చచ్చి పడిపోతావు.

ఫిజిక్స్_మాస్టారు
సోమవారం మధ్యాహ్నం 1:10

నేను వింగ్ ఫాయిల్ చేయను, చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడిపాను, ఇప్పుడు గుంటూరులో పాఠాలు చెప్తున్నాను. తెరచాప లెక్క దీనికీ ఒకటే కాబట్టి రెండు మాటలు.

మొదటిది. సూటిగా గాలిలోకి ఏ తెరచాపా వెళ్ళదు. మామూలు పడవలు గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో వెళ్తాయి, అటు కొంత ఇటు కొంత వంకరగా తిరుగుతూ పైకి ఎక్కుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు 45 గురించి ఆలోచించనే వద్దు. గాలికి సరిగ్గా అడ్డంగా వెళ్తే 90. ఆ 90 కంటే పది డిగ్రీలు పైకి, అంటే 80 డిగ్రీల్లో 200 మీటర్లు వెళ్తే గాలికి ఎదురుగా మీరు సంపాదించేది సుమారు 35 మీటర్లు. 70 డిగ్రీల్లో 68. 60 డిగ్రీల్లో వెళ్ళగలిగితే పూర్తిగా 100.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. ఒకసారి పడి, బోర్డు ఎక్కి, మోకాళ్ళ మీద నిలబడి, వింగ్ సర్దుకొని మళ్ళీ లేవడానికి కొత్తవాళ్ళకి నిమిషం పైనే పడుతుంది. ఆ సేపంతా సెకనుకి అర మీటరు చొప్పున కొట్టుకుపోయినా 30 మీటర్లు పోయాయి. అంటే పరుగంతా కష్టపడి తెచ్చిన 35 మీటర్లు ఒక్కసారి పడితే సరి. రెండుసార్లు పడితే అప్పు. కాబట్టి 80 డిగ్రీల కోణాన్ని 70 చేయడానికి పడే తాపత్రయం కంటే, రెండుసార్లు పడేది ఒకసారికి తగ్గిస్తే ఎక్కువ లాభం. భవానీపురం అబ్బాయి గట్టు వెంట నడవడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

రెండోది వేగం. కనకదుర్గ వారధి మీద బండి మీద గుంటూరు వైపు వెళ్తున్నారనుకోండి, పడమటి గాలి కుడి పక్క నుంచి కొడుతుంది. బండి ఆపి నిలబడితే సూటిగా కుడి చెంపకే తగులుతుంది. యాభైలో వెళ్తుంటే అదే గాలి ముఖానికి ఎదురుగా వస్తున్నట్టు ఉంటుంది. గాలి మారలేదు, మీ వేగం దాని దిక్కుని ముందుకి తెచ్చింది. ఫాయిల్ మీద కూడా వేగం పెరిగే కొద్దీ మీకు తగిలే గాలి ముందు నుంచి వస్తుంది, పెరుగుతుంది కూడా. అందుకే లేచే ముందు పట్టుకున్నట్టే లేచాక కూడా వింగ్ పట్టుకుంటే కుదరదు, వేగం అందాక మళ్ళీ సర్దుకోవాలి. ఇంకో మాట, ఫాయిల్ ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు. లేచీ లేవగానే ముక్కుని గాలిలోకి తిప్పేస్తే వేగం పడిపోయి ఫాయిల్ కూలబడుతుంది. ముందు వేగం రానివ్వండి, తర్వాత కోణం.

భవానీపురం_కుర్రాడు
సోమవారం మధ్యాహ్నం 2:00

మాస్టారూ, ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఇన్నాళ్ళూ పరుగులో గట్టిగా పైకి తిప్పాలని చూసి, వేగం పోయి పడిపోయి, మళ్ళీ లేచి మళ్ళీ అదే చేస్తున్నాను. చదువుతుంటే నిన్నటి సాయంత్రం మొత్తం కళ్ళ ముందు తిరిగింది. చాలా థాంక్సండి.

కొత్తపేట_గుంటూరు
సోమవారం సాయంత్రం 5:30

నాకూ ఇదే సమస్య, కాకపోతే నాకు ఇంకా లేవడం కూడా రాలేదు, మోకాళ్ళ మీదే తిరుగుతున్నాను. ఈ లోపల ఎదురెక్కడం నేర్చుకోవచ్చా, లేక లేచాకే సాధ్యమా?

రుషికొండ_అక్క
సోమవారం సాయంత్రం 6:15

నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. మోకాళ్ళ మీద ఉండి వింగ్‌ని తల పైన కాకుండా ముందుకి పెట్టి, గాలికి అడ్డంగా అటూ ఇటూ వెళ్ళు. ఫాయిల్ మాస్ట్ నీళ్ళలో ఉంటుంది కదా, అది కొంతవరకు జారకుండా ఆపుతుంది. పొట్టి బోర్డు అయితే గుండ్రంగా తిరగాలని చూస్తుంది, ఓపిక కావాలి. పొడవైన బోర్డు ఎవరి దగ్గరైనా ఉంటే, అందులోనూ అడుగున మధ్యలో ఫిన్ (చిన్న రెక్క) ఉన్న పాడిల్ బోర్డు (తెడ్డు వేసుకుంటూ వెళ్ళేది) ఉంటే, ఫాయిల్ లేకుండా దాని మీద వింగ్ పట్టుకొని రెండు మూడు సాయంత్రాలు తిరుగు. పడే భయం ఉండదు కాబట్టి చేతులకి పని తెలుస్తుంది. నేను అలాగే నేర్చుకున్నాను, ఫాయిల్ మీదకి వచ్చాక చేతుల గురించి మళ్ళీ ఆలోచించలేదు.

భవానీపురం తమ్ముడూ, నీకు తిరగడం రాదు అన్నావు. పరుగు చివర్లో నీళ్ళలో పడిపోకు. ఒక పది మీటర్ల ముందే మెల్లగా వింగ్‌ని వదిలి బోర్డుని నీళ్ళ మీదకి దించు, మోకాళ్ళ మీద కూర్చో, వింగ్ తల పైన పెట్టి బోర్డు ముక్కుని గాలి వచ్చే వైపు నుంచి తిప్పి అటు వైపు తెచ్చుకో. చేతులు మార్చు, లే. చూడటానికి అందంగా ఉండదు, కానీ నీళ్ళలో పడి తిప్పుకునే దాంట్లో సగం కూడా జారవు.

సూర్యలంక_గాలి
సోమవారం రాత్రి 9:00

అక్క చెప్పిన ఈ మోకాళ్ళ తిరుగుడు బంగారం లాంటి సలహా. దీనికి ఒకటి కలుపుతాను. రామేశ్వరంలో గాలి గంటల తరబడి ఒకే తీరుగా ఉంటుంది. నది మీద అలా ఉండదు, కొండలు, చెట్లు, ఇళ్ళు దాటి వస్తుంది కాబట్టి తెరలు తెరలుగా వస్తుంది. నీళ్ళ మీద నల్లగా ముడతలు పడుతూ వస్తుంటే అది గాలి తెర. అది తగిలినప్పుడు వేగం తనంతట తనే పెరుగుతుంది, ఆ క్షణంలో పైకి తిప్పు. తెర దాటి గాలి మెత్తబడగానే మొండికేయకు, రెండు మూడు డిగ్రీలు కిందకి వదిలి వేగాన్ని కాపాడుకో. అంతా ఒకే గీతలో పోవాలని చూడకు. దీవి చెట్ల నీడలోకి మరీ దగ్గరగా వెళ్ళకు, అక్కడ గాలి తెగిపోయి నువ్వు కూర్చుండిపోతావు, ముందే తిరుగు.

లంక_పడవ
సోమవారం రాత్రి 10:40

విడిగా రాస్తానన్నాను కదా, ఇదిగో. మా తాత కృష్ణా కాలవల మీద ధాన్యం పడవ నడిపాడు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప, లేకపోతే గడ వేసి తోయడం, ఎదురుగాలి అయితే గట్టు మీదకి దిగి తాడు భుజాన వేసుకొని లాగడం. నా చిన్నప్పుడు ఆయన భుజం మీద ఆ తాడు కాయ చూశాను. ఎదురుగాలి అంటే ఆయన దృష్టిలో ఆ రోజు ఆలస్యం, అంతే, ఎందుకంటే కాలవకి రెండు గట్లు దగ్గరగా ఉంటాయి. ఈ నది అలా కాదు.

ఇప్పుడు మే నెల, పైరగాలి, గేట్లు మూసి ఉంటాయి, నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. కొట్టుకుపోతే ఎగువకి కొట్టుకుపోతావు, ఏదో ఒక గట్టు తగులుతుంది, నడిచి వస్తావు. జూన్ దాటాక గాలి పడమటికి మారుతుంది. అప్పుడు గాలీ, నదీ రెండూ ఒకే వైపు, బ్యారేజీ వైపు. ఎదురెక్కడం రాని మనిషి ఆ గాలిలో దిగితే గట్టుకి కాదు, గేట్ల వైపు వెళ్తాడు. పైన వరదలు వచ్చి గేట్లు ఎత్తితే లాగుడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు బరువైన పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్లని గుద్దుకున్నాయి. వాటిని తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో మనందరం చూశాం.

అందుకే నా మాట. పడమటి గాలిలో దిగాలంటే ముందు ఈ పైరగాలిలోనే, బయలుదేరిన చోటుకి వరుసగా పదిసార్లు తిరిగి రాగలగాలి. వచ్చాక కూడా గేట్లు ఎత్తి ఉంటే దిగొద్దు. అధికారులని, పోలీసులని, టూరిజం బోట్ల వాళ్ళని ముందు అడుగు, ఎక్కడ తిరగొద్దంటే అక్కడ తిరగకు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డుకీ వింగ్‌కీ లీష్ (ఒంటికి కట్టుకునే తాడు) ఉండాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడిన రోజు నేను గట్టు మీద ఉన్నాను. ఎక్కువ రాయలేను. జాకెట్ లేకుండా నీళ్ళలోకి దిగొద్దు, ఈత ఎంత బాగా వచ్చినా సరే.

భవానీపురం_కుర్రాడు
సోమవారం రాత్రి 11:30

అన్నా, చదివాను. జాకెట్ వేసుకుంటున్నాను, లీష్ రెండూ ఉన్నాయి. పడమటి గాలి సంగతి నిజంగా నేను ఆలోచించలేదు, ఇంకా బాగా గాలి వస్తుందని జూన్ కోసం ఎదురుచూస్తున్నాను. మీరు రాయకపోతే దిగేవాణ్ణి. గాలి ఆగిపోతే లేదా ఏదైనా విరిగితే ఎలా రావాలి?

సూర్యలంక_గాలి
మంగళవారం ఉదయం 6:50

వింగ్‌ని బోర్డు వెనక వైపు లీష్‌తో తిరగేసి నీళ్ళ మీద వదిలెయ్, బోర్డు మీద బోర్లా పడుకొని చేతులతో ఈదుకుంటూ దగ్గరి గట్టుకి రా. దూరమైతే వింగ్‌లో గాలి తీసేసి చుట్టి ఒంటి కింద పెట్టుకో, లాగుడు తగ్గుతుంది. బయలుదేరిన చోటుకే రావాలని పట్టుపట్టకు, ఏ గట్టు దగ్గరైతే ఆ గట్టు. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి జాకెట్‌లో ఉంచు. గట్టు మీద ఒక మనిషి చూస్తూ ఉండాలి, ఒంటరిగా దిగకు.

రుషికొండ_అక్క
మంగళవారం ఉదయం 7:20

అవును, ఒంటరిగా అస్సలు వద్దు.

భవానీపురం_కుర్రాడు
తర్వాతి ఆదివారం రాత్రి 9:15

వారం తర్వాత రాస్తున్నాను. మూడు సాయంత్రాలు దిగాను, మా బావమరిది గట్టు మీద కూర్చున్నాడు. హైదరాబాద్ స్నేహితుడి 6 మీటర్ల వింగ్ అరువు తెచ్చుకున్నాను, పంపు పూర్తిగా కొట్టాను (అక్క చెప్పింది నిజం, నేను ఇన్నాళ్ళూ 5 పీఎస్ఐ దగ్గరే ఆపుతున్నాను).

మొదటి రోజు చూపు ఒక్కటే మార్చాను. బ్యారేజీ స్తంభాల వైపు చూడటం ఎంత కష్టమో, పది సెకన్లకోసారి కళ్ళు బోర్డు మీదకి దిగిపోతున్నాయి. బావమరిది గట్టు మీద నుంచి తల ఎత్తు, తల ఎత్తు అని అరుస్తూనే ఉన్నాడు. అయినా ఆ రోజే తేడా తెలిసింది. రెండో రోజు మోకాళ్ళ తిరుగుడు. మూడో రోజు, అంటే ఈ రోజు, వాచీలో నేను వెళ్ళిన దారి గీత చూసుకుంటే ఎనిమిది పరుగులు, నాలుగుసార్లు మాత్రమే పడ్డాను, మొత్తం మీద జారింది 110 మీటర్లు. పోయిన ఆదివారం ఇదే పని చేసి 900 మీటర్లు పోయాను.

కానీ ఒక విచిత్రం ఉంది. దీవి వైపు వెళ్ళే పరుగుల్లో, అంటే ఎడమ చేయి ముందున్నప్పుడు, గీత పైకి ఎక్కుతోంది. నిజంగా ఎక్కుతోంది. తిరిగి గట్టు వైపు వచ్చేటప్పుడు కుడి చేయి ముందుంటుంది, ఆ పరుగుల్లో సంపాదించిందంతా పోగొడుతున్నాను. ఎందుకు?

సూర్యలంక_గాలి
ఆదివారం రాత్రి 9:50

శభాష్ తమ్ముడూ. 900 నుంచి 110 అంటే వారంలో మామూలు సంగతి కాదు.

ఆ పరుగులో పాదాలు మారుస్తున్నావా, లేక అలాగే ఎడమ కాలు ముందు ఉంచి వస్తున్నావా?

భవానీపురం_కుర్రాడు
ఆదివారం రాత్రి 9:55

మార్చట్లేదు అన్నా, ఎడమ కాలే ముందు. మార్చబోతే పడిపోతున్నాను.

సూర్యలంక_గాలి
ఆదివారం రాత్రి 10:20

అదే కారణం. ఎడమ కాలు ముందుండి కుడి చేయి ముందుకొస్తే నీ వీపు గాలికి కాకుండా పొట్ట గాలి వైపు ఉంటుంది, మడమల మీద కాదు మునివేళ్ళ మీద నిలబడాలి. మునివేళ్ళ మీద బరువు వేయడానికి భయం, అందుకని తెలియకుండానే మడమల మీదకి వాలిపోతావు, ఆ వైపు మడమలంటే గాలివాటు వైపు. బోర్డు కిందకి తిరుగుతుంది.

రెండు దారులున్నాయి. మోకాళ్ళ మీద దిగి తిరుగుతున్నావు కదా, అక్కడే లేచేటప్పుడు కుడి కాలు ముందు పెట్టి లే, ఫాయిల్ మీద మార్చాల్సిన పనే ఉండదు. మొదటి రెండు రోజులు ఎడమ చేత్తో రాసినట్టు ఉంటుంది, మళ్ళీ మొదటి రోజు కుర్రాడివి అవుతావు. అయినా ఇదే చెయ్యి, తర్వాత పనికొస్తుంది. రెండో దారి, కాళ్ళు అలాగే ఉంచి ముందు మోకాలు బాగా వంచి, నడుముని గాలి వైపు తోసి, మునివేళ్ళ మీద నిలబడటం. అది చాలామంది చేస్తారు, నాకు మాత్రం మోకాలి నొప్పి వస్తుంది.

రుషికొండ_అక్క
ఆదివారం రాత్రి 10:45

నేను రెండో దారి మనిషిని, తేలిగ్గానే ఉంటుంది. కానీ కొత్తలో రెండు కాళ్ళతోనూ లేవడం వస్తే మంచిదే, ఒక వైపే అలవాటైతే తర్వాత మానడం కష్టం.

లంక_పడవ
ఆదివారం రాత్రి 11:00

ఒక జాగ్రత్త. వారం నుంచి ఎగువ నుంచి గుర్రపు డెక్క తేలుతూ వస్తోంది, దీవి ఒడ్డున పోగవుతోంది. ఒక్క తీగ ఫాయిల్‌కి చుట్టుకున్నా బ్రేకు వేసినట్టు అవుతుంది. హఠాత్తుగా వేగం పోయి ఎదురెక్కలేకపోతుంటే నిన్ను నువ్వు అనుమానించుకునే ముందు దిగి ఫాయిల్ తడిమి చూసుకో. చేపల వాళ్ళు సాయంత్రం దీవి తలకట్టు దగ్గర వలలు వేస్తారు, ప్లాస్టిక్ సీసాలు వరుసగా తేలుతుంటే అక్కడ వల ఉన్నట్టు, దాని మీదుగా వెళ్ళకు. వాళ్ళ కష్టం తెగిపోతుంది, నీ ఫాయిల్ ఇరుక్కుంటుంది. అక్కడే ఇసుక మేట ఒకటి పైకి వచ్చింది, నడుము లోతు కూడా లేదు, 70 మాస్ట్‌తో తగులుతుంది.

భవానీపురం_కుర్రాడు
బుధవారం రాత్రి 8:30

ఈ రోజు కుడి కాలు ముందు పెట్టి లేచాను. మొదటి పదిహేను నిమిషాలు ఒక్కసారి కూడా నిలబడలేదు. తర్వాత రెండు పరుగులు వచ్చాయి, రెండోది దాదాపు గట్టు దాకా. గాలి ఆరున్నరకే తగ్గిపోయింది, ఇంకో అరగంట ఉంటే బాగుండేది.

కానీ అసలు విషయం, చివరి పరుగులో తలెత్తి చూస్తే నేను దిగిన మెట్లు నాకు ఎదురుగా కాదు, కొంచెం గాలికి దిగువన ఉన్నాయి. అంటే నేను వాటి కంటే పైకి వచ్చాను. ఒక ఇరవై మీటర్లు ఉంటుందేమో. వింగ్ దించి మెల్లగా తేలుతూ మెట్ల దగ్గరికే వచ్చి ఆగాను. బావమరిది బోర్డు అందుకున్నాడు. నాకు మాట రాలేదు.

ఒక్కసారి అయింది. లంక అన్న పది అన్నారు.

లంక_పడవ
బుధవారం రాత్రి 9:05

ఒకటి అయింది కదా, ఇంకా తొమ్మిది. శనివారం సాయంత్రం నేను కయాక్ వేసుకొని వస్తాను, నీకు గాలివాటు వైపు ఉంటాను. మేట ఎక్కడుందో కూడా చూపిస్తాను.

కొత్తపేట_గుంటూరు
బుధవారం రాత్రి 9:20

నేనూ రావచ్చా? పాడిల్ బోర్డు దొరికింది, మధ్యలో ఫిన్ ఉన్నది.

భవానీపురం_కుర్రాడు
బుధవారం రాత్రి 9:25

రండి అన్నా. నాలుగింటికల్లా గట్టు మీద ఉండండి, పంపు నా దగ్గర ఉంది. జాకెట్ మాత్రం మర్చిపోవద్దు.